పాదరసం: వైద్యుని కల్వంలో ఔషధం, వంటింటిలో విషం

చురుకైన పిల్లవానిని చూసి "వీడి బుర్ర పాదరసం" అంటాము. చేతికి చిక్కనిదీ, ఒకచోట నిలువనిదీ, తాకితే పది బొట్లుగా చెదరి మరల ఒక్కటయ్యేదీ పాదరసం. ఈ వింత లోహం మన ఆయుర్వేదంలో రసశాస్త్రమనే ఒక మహాశాఖకు మూలపదార్థమైనది. మానవునికి తెలిసిన తీవ్రవిషాలలో ఒకటిగా కూడా ఇదే నిలిచినది. "పాదరసం మంచిదా, చెడ్డదా?" అని అడిగే పాఠకులకు ఒక్క మాటలో సమాధానం చెప్పలేము. "ఎవరి చేతిలో?" అని ముందుగా అడగవలసి ఉంటుంది.

సెలవులు రాగానే కొత్తవలస – కిరండూల్ రైలుమార్గంలో సొరంగాలు దాటుకుంటూ అరకులోయకు వెళ్ళివచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తిరిగివచ్చే సంచిలో కాఫీపొడి, పసుపుకొమ్ములు, తేనె, మిరియాలు, పిప్పళ్ళు ఉంటాయి. వీటితోబాటు దారిపక్కన కొన్న పేరులేని పొట్లం ఒకటి చేరినా ఆశ్చర్యం లేదు. మోకాళ్ళ నొప్పులకు ఎర్రని పొడి, మధుమేహానికి నల్లని మాత్రలు, "ఇది కొండ మందు, దోషం లేదు" అని అమ్మినవాని మాట. ఆ సంచిలో ఇంటికి పనికివచ్చేవి ఏవి, ఇంటిలో ఉంచరానిది ఏది అని తెలుసుకొనుటకే ఈ వ్యాసం.

కొండ ఇచ్చినది, ఓడ తెచ్చినది

అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల మన్యం నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాకు పాడేరు కేంద్రం. గదబ, పోర్జ, కొండదొర, బగత, వాల్మీకి, కోటియా, ఖోందు మొదలైన గిరిజనులకు ఈ కొండలు నివాసం. వారి వైద్యం ప్రధానంగా మూలికల వైద్యం. వేరు, బెరడు, ఆకు, గింజ, జిగురు, తేనె: ఇవే అక్కడి వైద్యుని భాండాగారం. కరక్కాయ, ఉసిరిక, కుంకుడు, చిల్లగింజ, ముషిణిగింజ, అడ్డాకు, చింతపండు మొదలైన అటవీ ఫలసాయాన్ని 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తూ వచ్చినది. విశాఖ మన్యపు పిప్పలి తీగ వేరు "మోడి" అనే పేరుతో దూరప్రాంతాల మూలికల అంగళ్ళకు చేరుతుంది. కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ చెట్లను అల్లుకొని మిరియపు తీగ పండుతున్నది.

ఈ సంపదలో పాదరసం లేదు. తూర్పు కనుమలలో పాదరసపు గనులు లేవు. లోకానికి శతాబ్దాల తరబడి పాదరసాన్ని అందించినవి ముఖ్యంగా స్పెయిన్ దేశపు ఆల్మాదెన్, నేటి స్లొవేనియాలోని ఇద్రియా గనులు. అవి రెండూ మూతపడినవి. 2012లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించినది. మన దేశానికి పాదరసం, దాని ఖనిజమైన ఇంగిలీకం ప్రధానంగా వర్తకుల వెంట, ఓడల మీద వచ్చినవి. కనుక "కొండ మందు" అనే పేరుతో ఎవరైనా పాదరసపు గుళికనో, ఎర్రని భస్మాన్నో చూపితే అది కొండలో పుట్టినది కాదని మొదట గుర్తించవలెను. కొండ ఇచ్చినది మూలిక. ఓడ తెచ్చినది పాదరసం.

అయితే ఈ రెండింటికీ సంబంధం లేకపోలేదు. ఓడ తెచ్చిన విషాన్ని ఔషధంగా మార్చుటకు మన పూర్వులు ఎంచుకొన్నవి ఈ అడవి సరకులే.

తూర్పు కనుమలు, రససిద్ధులు

అరకు కొండలు తూర్పు కనుమల ఉత్తర భాగం. అదే శ్రేణి దక్షిణంగా సాగి నల్లమలగా నిలిచినచోట శ్రీశైలం ఉన్నది. రసశాస్త్ర సంప్రదాయం నాగార్జునుని ఈ శ్రీపర్వతంతో ముడిపెట్టినది. నాగార్జునుడనే పేరు గలవారు ఒకరు కారు. శూన్యవాదాన్ని ప్రతిపాదించిన బౌద్ధ ఆచార్యుడు వేరు, ఎన్నో శతాబ్దాల తరువాతి రససిద్ధుడు వేరు అని చరిత్రకారుల అభిప్రాయం. నిత్యనాథసిద్ధుని "రసరత్నాకరం"లో శ్రీశైలమందలి సాధనస్థలాలను వర్ణించే భాగమొకటి ఉన్నది. 14వ శతాబ్దిలో విజయనగర కాలపు మాధవాచార్యుడు తన "సర్వదర్శన సంగ్రహం"లో రసేశ్వర దర్శనాన్ని ఒక ప్రత్యేక దర్శనంగా చేర్చెను. పాదరసాన్ని కేవలం మందుగా కాక, దేహాన్ని స్థిరపరచి ముక్తికి సాధనమయ్యే ద్రవ్యంగా భావించిన ఆలోచన అది. "పారదం" అనే సంస్కృత నామానికి సంసారపు అవతలి ఒడ్డుకు చేర్చునది అనే వ్యుత్పత్తి చెప్పుట అందువలననే.

తెలుగు వైద్యులకు కరదీపిక అయిన "బసవరాజీయం"లో కూడా రసౌషధాలు విస్తారంగా కనబడతాయి. వేమన యోగి తొలినాళ్ళలో బంగారు చేసే విద్య వెంట తిరిగినాడనే కథ మన ఊళ్ళలో నేటికీ చెప్పుకొంటారు. ఇంతటి ప్రతిష్ఠ ఉన్నందువలననే "పాదరసపు మందు" అనగానే సామాన్యునికి ఒక ఆకర్షణ. ఆ ఆకర్షణే మోసగాళ్ళకు పెట్టుబడి.

ఎందుకింత చురుకు?

పాదరసం సాధారణ ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉండే ఏకైక లోహం. సుమారు మైనస్ 39 డిగ్రీల వద్ద గడ్డకట్టును, 357 డిగ్రీల వద్ద మరుగును. నీటికంటె పదమూడున్నర రెట్లు బరువైనది. అందుచేతనే గాలి బరువును కొలుచుటకు దీనిని వాడినారు. సముద్రతీరాన విశాఖపట్నంలో గాజుగొట్టంలో సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలిచే పాదరసం, సుమారు 900 మీటర్ల ఎత్తు గల అరకులో 680 మిల్లీమీటర్ల దరిదాపులకు దిగుతుంది. బంగారం, వెండి, తగరం, సీసం వంటి లోహాలను తనలో కలుపుకొనుట దీని మరొక గుణం. పూర్వపు కంసాలులు వెండి, రాగి వస్తువులకు బంగారుపూత వేసినదీ, పాత అద్దాల వెనుక కళాయి నిలిచినదీ ఈ గుణం వలననే.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం: పాదరసం మరగనవసరం లేకుండానే, గది వేడిమికే ఆవిరి అవుతూ ఉంటుంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు.

పూర్వుల భయం: శోధన విధానం

పాదరసాన్ని ఉన్నదున్నట్లుగా మందులో వాడమని ఏ ప్రామాణిక రసగ్రంథమూ చెప్పలేదు. సీసం, తగరం కలియుట వలన వచ్చే నాగ, వంగ దోషాలు, మల దోషం, విష దోషం, వహ్ని దోషం, చాంచల్యం మొదలైన దోషాలను వరుసగా లెక్కించి, ఏడు కంచుకాలు దానిని కప్పి ఉన్నవని చెప్పి, వాటిని తొలగించనిదే ముట్టరాదని శాసించినవి. అందుకొరకు విధించినవే అష్టసంస్కారాలు: స్వేదనం, మర్దనం, మూర్ఛనం, ఉత్థాపనం, పాతనం, బోధనం, నియమనం, దీపనం. లోహసిద్ధికి వెళ్ళేవారికి మొత్తం పదునెనిమిది సంస్కారాలు చెప్పబడినవి.

స్వేదనమనగా పాదరసాన్ని మందు ముద్దతో గుడ్డలో మూటగట్టి, తరవాణి వంటి పుల్లని కాంజికం గల కుండలో వ్రేలాడదీసి ఉడికించుట. మర్దనమనగా ఇటుకపొడి, ఇంటి మసి, ఉప్పు, బెల్లం మొదలైనవి చేర్చి కల్వంలో రోజుల తరబడి నూరుట. కంచుకాలను తొలగించుటకు కలబంద, చిత్రమూలం, ఆవాలు, త్రిఫల కషాయం వాడినారు. పాతనమనగా ఆవిరి చేసి మరల చల్లార్చి పట్టుట. నేటి రసాయనశాస్త్రం దీనినే స్వేదనమనే వేరొక అర్థంలో వాడుతున్నది. సీసం, తగరం అడుగున నిలిచిపోగా శుద్ధమైన పాదరసం పై పాత్రకు అంటుకొనును.

ఇంగిలీకం నుండి పాదరసం తీసే పద్ధతి ఇంకా చక్కనిది. ఇంగిలీకాన్ని నిమ్మరసంలో నూరి, ఎండబెట్టి, రెండు కుండలను మూతికి మూతి చేర్చి మట్టిగుడ్డతో బిగించిన డమరుయంత్రంలో వేడిచేసి, పై కుండ మీద తడిగుడ్డ వేసేవారు. నూరు గ్రాముల స్వచ్ఛమైన ఇంగిలీకంలో సుమారు 86 గ్రాముల పాదరసం, మిగిలినది గంధకం. ఈ లెక్క తెలియని కాలంలోనే మన రసవైద్యులు దీని సారాన్ని గ్రహించినారు.

ఇంత శ్రమను పెట్టినది పాదరసం మీది మోజు మాత్రమే కాదు, దాని మీది భయం కూడా. ఈ భయాన్ని మరచి గొప్పతనాన్ని మాత్రమే గుర్తుంచుకొన్నవారు శాస్త్రాన్ని సగమే చదివినట్లు.

కజ్జలి, సింధూరం, చంద్రోదయం

శుద్ధ పారదాన్ని శుద్ధ గంధకంతో కలిపి మెరుపు పూర్తిగా పోయేవరకు నూరగా కాటుకవలె నల్లని పొడి వచ్చును. అదే కజ్జలి. రసౌషధాలలో అత్యధిక భాగానికి ఇదే పునాది. నీటిలో కలిపి వ్రేళ్ళ మధ్య రుద్ది ఎండలో చూచినప్పుడు ఒక్క మెరుపు కూడా కనబడరాదు, దీనిని నిశ్చంద్రత్వమన్నారు. వ్రేలి గీతలలో నిండవలెను, నిశ్చలమైన నీటి మీద తేలవలెను. మెరుపు కనబడినదంటే గంధకంతో కలియని పాదరసం అందులో మిగిలి ఉన్నదని అర్థం.

కజ్జలిని మట్టిగుడ్డలు చుట్టిన గాజు కుప్పెలో పోసి, ఇసుక నింపిన పాత్రలో నిలిపి, మృదు, మధ్య, తీవ్రాగ్నులతో క్రమంగా వండగా కుప్పె మెడవద్ద ఎర్రని స్ఫటికాలు పేరుకొనును. అది రససింధూరం. బంగారం కూడా చేర్చి వండినది మకరధ్వజం, పూర్ణచంద్రోదయం అనే పేర్లతో ప్రసిద్ధి. చేర్చిన బంగారంలో అధికభాగం కుప్పె అడుగుననే మిగిలిపోవునని రసాయన పరీక్షలలో తేలినది.

గంధకంతో గట్టిగా బంధింపబడిన పాదరసం నీటిలో దాదాపు కరగదు. రసకర్పూరం వంటి లవణరూపాలు అంతకంటె ఎంతో ప్రమాదకరమైనవి. అవి ప్రేగులను, మూత్రపిండాలను నేరుగా దెబ్బతీయగలవు. కనుక "పాదరసపు మందు" అన్నప్పుడు అది ఏ రూపమో, ఎట్లు తయారైనదో, ఎంత మోతాదో తెలియకుండా మంచిచెడ్డలు చెప్పుట సాధ్యం కాదు. సింధూరం కరగదు గనుక నిరపాయమని కొందరు వైద్యులు వాదిస్తారు. కొద్దికొద్దిగానైనా శరీరంలో చేరి మూత్రపిండాలలో నిలుస్తుందని ఆధునిక వైద్యులు హెచ్చరిస్తారు. గృహస్థుడు ఈ రెండు మాటల నుండి తీసుకొనవలసిన నీతి ఒక్కటే: ఇది స్వయంగా వేసుకొనదగిన మందు కాదు.

మన ఇళ్ళలోని పాదరసం

"మా ఇంటిలో పాదరసమెక్కడిది?" అని పాఠకులు అనుకొనవచ్చును. ఒకసారి వెదికి చూడండి.

ఆనందభైరవి మాత్రలు: జ్వరానికి, విరేచనాలకు తెలుగు ఇళ్ళలో తరతరాలుగా పేరు వినబడిన మందు. ఇందులో ఇంగిలీకం, వత్సనాభి, మిరియాలు, పిప్పళ్ళు, వెలిగారం ఉంటాయి. మిరియాలు, పిప్పళ్ళు మన్యపు పంటలే. కాని మొదటి రెండూ విషద్రవ్యాలు. పొట్లంలో ఉన్న పాత మాత్రలను పసిపిల్లలకు అరగదీసి పోయుట ఎంతమాత్రం తగదు.

మన్యంలో మలేరియా ఉన్నదని అందరికీ తెలుసు. అక్కడికి వెళ్ళివచ్చిన వారం, రెండు వారాలకు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా చలిజ్వరం రావచ్చును. ఇంటిలోని మాత్రలు వేసుకొని "రెండు రోజులు చూద్దాము" అనుకొన్నచో ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తేగలవు. వెంటనే రక్తపరీక్ష చేయించవలెను. ఏ ప్రాంతానికి వెళ్ళివచ్చినారో వైద్యునికి తప్పక చెప్పవలెను.

పేలమందు: ఉమ్మెత్తాకు రసంలోగాని తమలపాకు రసంలోగాని పాదరసాన్ని నూరి తలకు పట్టించే పద్ధతి 11వ శతాబ్దపు చక్రపాణిదత్తుని గ్రంథంలోనే కనబడుతుంది. పేలు చచ్చుట నిజమే. కాని ఆ తల దువ్వే తల్లి, ఆ దిండు మీద నిద్రించే బిడ్డ రాత్రంతా పీల్చేది పాదరసపు ఆవిరి. నేడు ఈ పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టవలెను.

ఎర్రని రంగులు: సంప్రదాయపు కుంకుమ పసుపు, నిమ్మరసం, వెలిగారం కలిపి చేసినది. ఇంగిలీకం గాని, సీసపు సింధూరం గాని కుంకుమ కావు. నిగనిగలాడే చవక రంగులను నుదుట ధరించరాదు, పిల్లల చేతికి ఇవ్వరాదు.

ముఖం తెల్లబడే లేపనాలు: పాదరసపు లవణాలు చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా అడ్డుకొంటాయి. అందుచేత తయారీదారు పేరు లేని కొన్ని లేపనాలలో వీటిని రహస్యంగా కలుపుతారు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి లేపనాలు వాడినవారికి మూత్రపిండ వ్యాధి వచ్చినట్లు వైద్యులు గుర్తించినారు.

రసలింగాలు, రసమణులు: తీర్థస్థలాలలో అమ్మే "గడ్డకట్టిన పాదరసం" సాధారణంగా తగరం, వెండి వంటి లోహంతో కలిపిన మిశ్రమమే. దానిని పాలలో, నీటిలో ఉంచి ఆ పాలు, నీరు త్రాగే అలవాటు మంచిది కాదు.

పరికరాలు: పాత జ్వరమాపకంలో సుమారు అరగ్రాము నుండి ఒక గ్రాము, పాతకాలపు రక్తపోటు పరికరంలో ఎనభై, నూరు గ్రాముల దాకా పాదరసం ఉంటుంది. ట్యూబులైట్లలో, సి.ఎఫ్.ఎల్. దీపాలలో కొన్ని మిల్లీగ్రాములు ఉంటుంది.

శరీరంలో ఏమి జరుగును?

ద్రవరూపపు పాదరసం పొరపాటున మ్రింగినచో ప్రేగులు దానిని దాదాపు గ్రహించవు. చాలవరకు మలంతో బయటికి పోవును. ఇది విని ధైర్యపడరాదు. అదే పాదరసపు ఆవిరిని పీల్చినచో అందులో సుమారు 80 శాతం ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో చేరును. అక్కడి నుండి మెదడుకు, మూత్రపిండాలకు, గర్భిణి అయినచో గర్భస్థ శిశువుకు చేరును. అందుచేత పాదరసాన్ని వేడిచేయుట అన్నింటికంటె ప్రమాదకరమైన పని. ఇంటి పొయ్యి మీద, మూసిన గదిలో "భస్మం చేయుట" ప్రాణాంతకం కాగలదు.

నోటిలో లోహపు రుచి, అధికంగా చొంగ కారుట, చిగుళ్ళ వాపు, చేతివణుకు, నిద్రలేమి, అకారణ కోపం, మతిమరుపు దీర్ఘకాలిక పాదరస విషలక్షణాలు. పాదాలు, ముఖం ఉబ్బుట, మూత్రం నురగలు కట్టుట మూత్రపిండాల బాధకు సూచనలు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 2022లో ప్రచురించిన పరిశీలనలో, ఒక రకమైన మూత్రపిండ వ్యాధి గలవారిలో పలువురు పాదరసం గల నాటుమందులు వాడినవారేనని, మందులు మానిన తరువాత వారిలో ఎక్కువమందికి వ్యాధి తగ్గుముఖం పట్టినదని తెలిపినారు. కనుక పై లక్షణాలతో వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు తాము వాడుతున్న పొడులను, మాత్రలను దాచక చూపవలెను.

పాదరసం నీటిలో చేరినచో మరొక రూపం దాల్చును. జపానులోని మినమాత వద్ద కర్మాగారపు వ్యర్థజలంతో చేరిన మిథైల్ పాదరసం చేపల ద్వారా మనుషులకు సంక్రమించి, తల్లి కడుపులోని బిడ్డలను సైతం అంగవికలులను చేసినది. 1956లో ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించినారు. ఆ ఊరి పేరనే 2013లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరి, 2017 ఆగస్టు 16 నుండి అమలులోకి వచ్చినది. భారతదేశం 2018లో ధ్రువీకరించినది. పాదరసపు జ్వరమాపకాలు, రక్తపోటు పరికరాలు క్రమంగా తొలగవలెనన్నది అందులో ఒక అంశం. సంప్రదాయ, మతపరమైన వాడుకలోని వస్తువులకు ఆ నిషేధం వర్తించదు. అనగా అక్కడ జాగ్రత్త మన విజ్ఞతకే విడువబడినది.

మినమాత మనకు దూరమనుకొనరాదు. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని నది బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి విశాఖపట్నానికి త్రాగునీరై, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తున్నది. కొండమీద పారవేసినది పట్నపు గ్లాసులోనికీ, వలలోని చేపలోనికీ రాగలదు.

జ్వరమాపకం పగిలినచో

1. పిల్లలను, గర్భిణులను గది నుండి పంపివేయవలెను. కిటికీలు తెరచి, తిరిగే పంకాను ఆపవలెను.

2. చేతి ఉంగరాలు, గాజులు తీసివేయవలెను. పాదరసం బంగారానికి తగిలినచో తెల్లగా అంటుకొనును.

3. చీపురుతో ఊడ్వరాదు, యంత్రంతో పీల్చరాదు. బొట్లు ఇంకా చిన్నవై గదంతా చెదరును. రెండు గట్టి అట్టముక్కలతో బొట్లను ఒకచోటికి చేర్చి, మందుచుక్కల గొట్టంతో తీసి, కొంచెం నీరున్న సీసాలో వేసి గట్టిగా మూత బిగించవలెను. చిన్న బొట్లను అంటుకొనే టేపుతో అద్ది తీయవలెను.

4. నేల పగుళ్ళలో మిగిలినదానిపై గంధకపు పొడి చల్లి, కొంతసేపటికి తడిగుడ్డతో తీయవచ్చును. కజ్జలి చేసిన మన పూర్వుల సూత్రమే ఇది: పాదరసాన్ని కట్టివేయునది గంధకం.

5. మరుగుదొడ్డిలో, కాలువలో, చెత్తకుప్పలో పారవేయరాదు. మంటలో వేయరాదు. సీసాను ప్రమాదకర వ్యర్థాలు సేకరించేవారికి గాని, సలహా అడిగి ఆసుపత్రికి గాని అందజేయవలెను.

6. గాజుముక్క మ్రింగినట్లు అనుమానమున్నచో, లేక ఆవిరి పీల్చిన తరువాత దగ్గు, ఆయాసం కలిగినచో వెంటనే వైద్యుని చూడవలెను.

మందు కొనేటప్పుడు

మన ఔషధ చట్టం క్రింది నిబంధనలలో ఆయుర్వేద విషద్రవ్యాల పట్టిక ఒకటి ఉన్నది. పారదం, ఇంగిలీకం, రసకర్పూరం అందులో చేరినవే. ఇవి గల లోపలికి పుచ్చుకొనే మందుల సీసాపై వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడవలెననే హెచ్చరిక ముద్రించవలెను. తయారీ అనుమతి సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, అందులోని ద్రవ్యాల పేర్లు ఉన్నవో లేవో చూడండి. లేని పొట్లాన్ని ఎంత పెద్దవారు ఇచ్చినా పుచ్చుకొనకండి.

పేర్లలో కొంత మెలకువ అవసరం. లక్ష్మీవిలాస రసం, త్రిభువనకీర్తి రసం వంటి పేర్లలో "రసం" అనగా పాదరసమే గాని ఆకుపసరు కాదు. "రసాయనం" అన్నంతమాత్రాన పాదరసం ఉన్నట్లు కాదు, చ్యవనప్రాశ రసాయనమే. యోగరాజ గుగ్గులు వేరు, మహాయోగరాజ గుగ్గులు వేరు. రెండవదానిలో రససింధూరం, లోహభస్మాలు చేరును. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, మూత్రపిండ వ్యాధి గలవారు రసౌషధాలకు దూరంగా ఉండవలెను.

కొండ సరకులతో ఇంటి చికిత్స

పాదరసం వద్దన్నంత మాత్రాన ఇంటివైద్యం శూన్యమైపోదు. మన్యం మనకిచ్చినది చాల ఉన్నది.

జలుబు, దగ్గుకు: ఒక చెంచా అల్లపురసంలో ఒక చెంచా తేనె కలిపి ఉదయం, సాయంత్రం పుచ్చుకొనవలెను. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఇవ్వరాదు. మధుమేహం గలవారు తేనె మానవలెను.

ఆకలి మందగించినచో: శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమభాగాలుగా దంచిన త్రికటు చూర్ణం పావుచెంచా, మొదటి అన్నపు ముద్దలో నేతితో. కడుపులో మంట గలవారు, గర్భిణులు వాడరాదు.

మలబద్ధకానికి: కరక్కాయ, తానికాయ, ఉసిరిక కలిసిన త్రిఫల చూర్ణం అరచెంచా, రాత్రి పడుకొనబోయే ముందు గోరువెచ్చని నీటితో. గర్భిణులకు ఇదియును తగదు.

పేలకు: తలకు కొబ్బరినూనె బాగా పట్టించి, పేలదువ్వెనతో పాయపాయగా దువ్వి, వేపాకు కాచిన నీటితో కడుగవలెను. ఈపి పగిలి క్రొత్త పేను వచ్చుటకు వారం, పదిరోజులు పట్టును. కనుక రెండు వారాలు విడువక చేయవలెను. ఇంటిల్లిపాదికీ ఒకేసారి చేయవలెను. సీతాఫలపు గింజల పొడి కంటిలో పడినచో చూపుకు ముప్పు; దానిని పిల్లల తలకు వాడరాదు.

స్వల్పమైన దురదకు: వేపాకు, పచ్చిపసుపు నూరిన ముద్ద పట్టించి అరగంట తరువాత స్నానం చేయవలెను. తగ్గనిచో, ఇంటిలో ఒకరి తరువాత ఒకరికి వచ్చుచున్నచో అది గజ్జి కావచ్చును. వైద్యుని సలహా అవసరం.

అరకు నుండి వచ్చిన సంచిని ఇప్పుడు మరల తెరచి చూడండి. పసుపు, మిరియాలు, పిప్పళ్ళు, తేనె వంటింటి అలమారలో పెట్టుకొనండి. పేరులేని ఎర్రని పొట్లం, నల్లని మాత్రలు మాత్రం పిల్లలకు అందకుండా విడిగా ఉంచి, మీ కుటుంబ వైద్యునికి చూపండి. పాదరసాన్ని లొంగదీయుటకు మన పూర్వులు ఎనిమిది సంస్కారాలు, ఏండ్ల గురుశిక్షణ కావలెనన్నారు. వారి మాట మీద నిజమైన గౌరవమున్నవారు దానిని స్వంత వైద్యానికి వాడరు.